మటిల్డా ట్యాంకు: తప్పు ఆలోచనదా, ఫిరంగిదా?

ఎడారిబాట:
రెండో ప్రపంచ యుద్ధంలో కాల్బలం వెంట నడవడానికే బ్రిటిష్ వాళ్లు చేయించిన ట్యాంకు మటిల్డా 2. బరువు 27 టన్నులు, ముందు కవచం 78 మి.మీ. రోడ్డు దిగితే గంటకు 14 కి.మీ. మించదు. అసలు ఆ ఆలోచనే పొరపాటని నా వాదన. 1941 జూన్‌లో ఈజిప్టు-లిబియా సరిహద్దులోని హల్ఫాయా కనుమ దగ్గర జర్మన్ల 88 మి.మీ. ఫిరంగులు వీటిని దూరం నుంచే చిత్తు చేశాయి. నత్తనడక బండి ఎక్కడికని తప్పుకుంటుంది?

గుండుదెబ్బ:
నేను ఒప్పుకోనండీ. అంతకు ఆరు నెలల ముందు, 1940 డిసెంబర్ 9న ఈజిప్టులోని నిబేవా శిబిరాన్ని గుర్తు చేసుకోండి. ఇటాలియన్లు తమ లారీల రాకపోకల కోసం వెనకవైపు మందుపాతర్లు లేకుండా వదిలిన దారిలోంచే పొద్దున్నే మటిల్డాలు లోపలికి దూరాయి. ఇటాలియన్ గన్నర్లు పారిపోలేదు, దగ్గర నుంచి గుండు మీద గుండు కొట్టారు. కవచం మీద సొట్టలు పడ్డాయంతే. వెనకే మన 4వ ఇండియన్ డివిజన్ జవాన్లు, రాజ్‌పుతానా రైఫిల్స్ సహా, లారీలు దిగి శిబిరం పట్టేశారు. మనిషి వెంట నడిచే ట్యాంకుకు పరుగెందుకు?

అసలు లోపం ఫిరంగిలో ఉంది. సుమారు రెండు పౌండ్ల గుండు కాల్చే దాని చిన్న ఫిరంగి, 2 పౌండర్‌కు ఇచ్చింది గట్టి ఇనుప గుండే, పేలే గుండు ఇవ్వలేదు. ఇంకో ట్యాంకును కొట్టడానికి అది చాలు. కానీ గోతిలో దాగిన 88ని, దాని చుట్టూ ఉన్న మనుషుల్ని ఏం చేస్తుంది? మెషిన్ గన్ అంత దూరం పనికిరాదు. హల్ఫాయాలో ఆ సిబ్బంది చేతులు కట్టేసి పంపినట్టే. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఎడారిబాట:
మరి పెద్ద ఫిరంగి ఎందుకు పెట్టలేదు? టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) ఇరుకు, 6 పౌండర్ పట్టదు. అది డిజైన్ తప్పు కాదా?

గుండుదెబ్బ:
అది తప్పే, కాదనను. కానీ "నెమ్మది" అనే నేరం మాత్రం దాని మీద మోపకండి. ఆస్ట్రేలియన్లు పేలే గుండు కాల్చే 3 అంగుళాల హొవిట్జర్ ఫిరంగి ఉన్న మటిల్డాలను కూడా తీసుకెళ్లి న్యూ గినీ, బోర్నియో అడవుల్లో 1945 దాకా వాడారు. ఆ బురదలో, పొదల్లో జపాన్ వాళ్ల బంకర్ల మీదికి కాల్బలంతో పాటే నడిచింది.