పేద దేశాల పేదరికం ఎవరి పాపం: బయటివాళ్లదా, సొంత పాలకులదా?

సందేహి:
వలస పాలన, అప్పులు ముంచాయని కొందరంటారు. కాదు, సొంత పాలకులే తినేశారని ఇంకొందరు. స్వాతంత్ర్యం వచ్చి అరవై ఏళ్లు దాటాక కూడా తప్పంతా పాత దొరల మీదకే నెట్టేస్తే ఎలా? నాకైతే రెండోదే నిజమనిపిస్తోంది. కాదనేవాళ్లు చెప్పండి.

పాతకాగితం:
నేను కాదంటాను. కరీబియన్ సముద్రంలోని హైతీ సంగతి చూడండి, ఒకప్పుడు ఫ్రాన్స్ వలస. అక్కడి బానిసలు తిరగబడి, ఫ్రెంచి సైన్యాన్ని తరిమేసి 1804లో స్వతంత్రులయ్యారు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, పాత తోటల యజమానులకు నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. విడుదలైనవాడే యజమానికి డబ్బు కట్టాలట! మొదటి వాయిదా 3 కోట్లు. ఖజానాలో అంత లేదు. పారిస్ బ్యాంకర్ల దగ్గరే అప్పు చేశారు. వాళ్లు 3 కోట్లకు పత్రం రాయించుకుని, 60 లక్షలు ముందే కోసుకుని, 2 కోట్ల 40 లక్షలు చేతిలో పెట్టారు. అంటే అప్పు చేసినా వాయిదాకు చాల్లేదు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు గానీ, దానికోసం చేసిన అప్పుల తోక 1947 దాకా సాగింది. కాఫీ మీద వచ్చే పన్ను ఏళ్ల తరబడి అటే పోయింది.

లెక్కలపిచ్చి:
హైతీకి అన్యాయం జరిగింది, ఒప్పుకుంటా. మరి 1957 నుంచి 1986 దాకా అక్కడి నియంతలు డువాలియర్ తండ్రీకొడుకులు దోచింది ఏ ఖాతాలో వేస్తారు? ఆఫ్రికాలోని బోట్స్వానా చూడండి. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి సముద్రం లేదు, వానలు లేవు, రోడ్లు లేనట్టే. మరుసటి ఏడాది వజ్రాలు బయటపడ్డాయి. ప్రభుత్వం వాటిని తవ్వే కంపెనీతో బేరమాడి సగం వాటా దాకా వచ్చింది. ఆ డబ్బు బడులకు, రోడ్లకు పెట్టింది. ఆఫ్రికాలోనే ఉన్న సియెర్రా లియోన్‌లోనూ వజ్రాలే. అక్కడ 1991 నుంచి 2002 దాకా అంతర్యుద్ధం, తిరుగుబాటుదారులు తుపాకులు కొన్నది ఆ వజ్రాలమ్మే. రాయి ఒకటే కదా?

పాతకాగితం:
రాయి ఒకటే, దొరికిన సమయమే వేరు. బోట్స్వానాలో స్వాతంత్ర్యం వచ్చాక దొరికాయని మీరే రాశారు. సియెర్రా లియోన్‌లో 1930లో, బ్రిటిష్ పాలనలోనే దొరికాయి. 1935లో తవ్వుకునే హక్కంతా ఒకే కంపెనీకి 99 ఏళ్లకు రాసిచ్చేశారు. స్వాతంత్ర్యం 1961లో వచ్చింది. కొత్త ప్రభుత్వం బేరమాడటానికి ఏం మిగిలింది?

లెక్కలపిచ్చి:
మంచి పాయింటే. అయినా ఆఫ్రికాలోనే ఉన్న జాంబియాకు 2005 ప్రాంతంలో పాత అప్పులు చాలావరకు మాఫీ అయ్యాయి. మళ్లీ అప్పులు చేసి 2020లో చేతులెత్తేసింది ఎవరు?

పాతకాగితం:
అది వాళ్ల తప్పే. కాకపోతే వాళ్ల ఎగుమతుల్లో సింహభాగం రాగి, దాని ధర తేలేది లండన్‌లో. ధర పడినప్పుడల్లా ఎంత నిజాయితీ ఉన్న ఆర్థికమంత్రికైనా టెన్షనే.

చెట్టునీడ:
ఇద్దరూ ఖజానాల దగ్గరే ఆగిపోయారు. కాస్త ఇంట్లోకి రండి. కూలికి వెళ్లే మనిషి పది రోజులు మంచాన పడ్డాడనుకోండి. మందులకు అప్పు. ఆ వడ్డీకి మేకను అమ్ముతారు. అదీ చాలకపోతే పెద్దపిల్ల బడి మానేసి పనికెళుతుంది. అతను లేచి తిరిగినా మేక రాదు, పిల్ల చదువూ రాదు. కుళాయి లేని వాడల్లో డబ్బాల లెక్కన నీళ్లు కొనేవాళ్లు చాలాచోట్ల కుళాయి ఉన్నవాళ్ల కన్నా లీటరుకు ఎక్కువే కడతారు. వయసుకు తగ్గ ఎత్తు పెరగని ఐదేళ్లలోపు పిల్లలు ప్రపంచంలో దాదాపు 15 కోట్ల మంది. మొదటి రెండేళ్లలో ఆగిన ఎదుగుదల తర్వాత పూర్తిగా రావడం కష్టం. దీన్ని పేదరికం ఫలితమందామా, రేపటి పేదరికానికి కారణమందామా? నాకు రెంటినీ విడదీయడం చేతకావట్లేదు.

సందేహి:
99 ఏళ్ల కౌలు సంగతి నాకు తెలియదు. "అరవై ఏళ్లు చాలవా" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పాలకుల గురించి అన్నది మాత్రం తీసుకోను. లెక్కలపిచ్చి గారూ, బోట్స్వానాకు సగం వాటా ఇవ్వడానికి ఆ కంపెనీ ఎందుకు ఒప్పుకుంది? తెలిస్తే రాయండి.