ఇంట్లకు పాములు రాకుంట ఏం చేస్తున్నరు? (నర్సంపేట దిక్కు)

నర్సంపేట కోడలు:
వానలు పడ్డకాంచి పాముల భయం ఎక్కువైంది. మొన్న వంటింట్ల సిలిండర్ వెనక కట్లపాము పిల్ల కనపడ్డది. ఇంటెనక వరి పొలం, పక్కకే పత్తికట్టె వాము. పిల్లలు చిన్నోళ్లు, అత్తమ్మ వాకిట్ల చాపేసుకొని పంటది. షాపుల ఏదో పొడి ఇచ్చి ఇంటి చుట్టు చల్లమన్నరు. ఎవరికన్న పనిచేసిందా?

పరకాల రైతు:
అక్కా, మా నాయన గంధకం, ఫినాయిల్, వెల్లుల్లి నీళ్లు అన్నీ చల్లేటోడు. ఒక్క వానకు మొత్తం కొట్టుకపోతది. ముందుగాల ఆ పత్తికట్టె ఇంటికాడికెల్లి తీసెయ్యిండ్రి. దాంట్ల ఎలుకలు పిల్లలు పెడతయ్, వాటి కోసమే పాము వస్తది. మేము కట్టెను పొలం గట్టుకు మార్చినంక వాకిట్ల పాములు కనపడుడు మస్తు తగ్గింది. పిడకలు, పాత ఇటుకలు, గూనపెంకుల కుప్పలు కూడ గోడకు ఆనిచ్చి పెట్టొద్దు. కోళ్లగూడు ఉంటే రాత్రి గింజలు మిగలకుంట ఊడ్వాలె.

హన్మకొండ వాలంటీర్ (పాములు పట్టి అడవిలో వదులుతా):
రైతన్న చెప్పిందే అసలు మాట. పాము నాలుకతో వాసన పసిగడుతుంది, నిజమే. కానీ వాసనకు భయపడి దారి మార్చుకోదు. నాఫ్తలీన్ గోళీలు పెట్టిన మూలల్లోనే నేను నాగుపాముల్ని పట్టిన. కార్బాలిక్ యాసిడ్ మాత్రం అస్సలు తేవద్దమ్మా, చర్మం కాలిపోతది, పిల్లల నోట్లో పడితే ప్రాణం మీదికొస్తది.

ఒక పని చెయ్యండి. చీకటి పడ్డాక ఇంట్లో లైట్లన్నీ వేసి, టార్చి, చెప్పులతో బయటికి వచ్చి గోడ వెంట చూడండి. తలుపు కింద, కిటికీ మూల, పైపు పక్కన ఎక్కడ వెలుతురు బయటికొస్తుందో అక్కడ సందు ఉన్నట్టే. చిటికెన వేలు పట్టే సందైనా పాము పిల్లకు చాలు. తలుపుకు రబ్బరు పట్టీ కొట్టించండి, పైపుల రంధ్రాలు సిమెంటుతో మూయించండి.

కాజీపేట టీచర్:
మా కాలనీలో ప్రహరీ చుట్టూ చేపల వల కట్టారు. అది మంచిదేనా?

హన్మకొండ వాలంటీర్:
వద్దు సార్. జెర్రిపోతు చిక్కుకొని గింజుకుంటే నైలాన్ దారం ఒంట్లోకి కోసుకుపోతది. విషమున్నదే చిక్కితే, తియ్యబోయినోళ్లకు కాటు పడ్తది. జెర్రిపోతుకు విషం లేదు, ఎలుకల్ని తింటది, దాన్ని పోనియ్యండి. ఏ పామునూ కొట్టకండి, చాలా రకాల పాముల్ని చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. దూరంగా నిలబడి ఎటు పోతుందో చూస్తూ అటవీ శాఖకు ఫోన్ చెయ్యండి.

ములుగు నర్సు:
చెల్లీ, నాకు మీ అత్తమ్మ గురించే భయమైతుంది. కట్లపాము రాత్రే తిరుగుతది, నేల మీద పన్నోళ్లకే ఎక్కువ కాటు పడ్తది. చీమ కుట్టినంత నొప్పి కూడ ఉండకపోవచ్చు, గాట్లు కూడ కనపడకపోవచ్చు. తెల్లారి కడుపునొప్పి, కనురెప్పలు వాలుడు, మింగుడు కష్టమవుడు. ఇంట్లోళ్లు గ్యాస్ అనుకొని సోడా తాపిస్తరు, అక్కడనే టైం పోతది. ఇయ్యాల్టి నుంచే మంచం మీద పండవెట్టి, దోమతెర అంచులు పరుపు కిందికి గట్టిగ దోపండి. మంచం లేకుంటే చాప కిందికన్నా దోపాలె.

కాటు పడితే పసరు మందుకు తిప్పొద్దు, బ్లేడుతో కొయ్యొద్దు, తాడు బిగించొద్దు. ఉంగరాలు, గాజులు తీసి, నడిపించకుంట 108కి ఫోన్ చెయ్యిండ్రి. పామును చంపి తెచ్చుడు అవసరం లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ ఒక్కటే ఇంజక్షన్ మందు. రోగి లక్షణాలను చూసే డాక్టర్లు ఇస్తరు.

జమ్మికుంట తమ్ముడు:
మా అమ్మమ్మ ఈశ్వరి తీగ పెడితే పాములు రావంటది. నాటొచ్చా?

పరకాల రైతు:
నాటుకో తమ్మీ, కని దాని మీద భరోసా పెట్టుకోకు. తీగ గుబురైతే దాని కిందనే పాముకు నీడ దొరుకుతది. గోడకు దూరంగ నాటు, కింద శుభ్రంగ ఉంచు.

నర్సంపేట కోడలు:
అందరికి దండాలు. కట్టె తియ్యడానికి రేపు మనుషుల్ని పిలిచినం, అత్తమ్మను మంచం మీదికి మార్చిన. బాత్రూం నాళాకు జాలి ఎంత సన్నగ ఉండాలె?

హన్మకొండ వాలంటీర్:
పావు అంగుళం లోపు రంధ్రాలున్న స్టీలు జాలి తీసుకోండమ్మా. ప్లాస్టిక్‌దైతే ఎలుకలు కొరికేస్తయ్. రేపు కట్టె తీసేటోళ్లు చేతులు పెట్టొద్దు, పొడుగు కర్రతో పైనుంచి ఒక్కో వరుస లాగాలె. కాళ్లకు బూట్లు ఉండాలె, పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండొద్దు.