అప్‌డేట్: లాక్‌డౌన్‌లో నారోబోట్‌ను (కాలువల్లో తిరిగే సన్నటి పొడవాటి పడవను) చలికి సిద్ధం చేయడం, పని అయిపోయింది

ఇంగ్లండ్‌లో 2020 నవంబర్ 5 నుంచి డిసెంబర్ 2 దాకా రెండో లాక్‌డౌన్, బోటులో రాత్రి ఉండే వీల్లేదు, మరి గడ్డకట్టే చలి మొదలయ్యేలోగా ఏం చేయాలి అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది "ఒక్క పగట్లో నీళ్లన్నీ దించేయండి" అన్న సలహానే. మెరీనా (బోట్లు కట్టి ఉంచే రేవు) మెకానిక్ చేతే చేయించాను. వాటర్ పంప్ ఆపి, కుళాయిలన్నీ తెరిచి, కెలోరిఫైయర్ (వేడినీళ్ల ట్యాంకు) అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వు విప్పాలి. ఆ తర్వాత కుళాయిలను సగం తెరిచే వదిలేయాలి. అందరూ మరిచేది షవర్ మిక్సర్ (వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే కుళాయి). లోపల చెంచాడు నీళ్లు మిగిలినా చాలు, గడ్డకట్టి ఉబ్బి ఇత్తడి బాడీనే చీల్చేస్తాయి. హోస్ విప్పేసి షవర్ హెడ్‌ను ట్రేలో పడేయండి.

అసలు లోపం మాత్రం వేరే చోట దొరికింది. ఇంజిన్ కూలెంట్‌ను రిఫ్రాక్టోమీటర్‌తో (ఎంత చలికి గడ్డకడుతుందో చూపే పరికరం) చూస్తే మైనస్ 8 డిగ్రీల దాకానే రక్షణ! తగ్గినప్పుడల్లా ఉత్త నీళ్లు పోస్తూ పోతే ఇంతే. పాతది దించి, సగం యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా ఆపే ద్రవం), సగం నీళ్లు కలిపి పోస్తే మైనస్ 35 దగ్గరికి వచ్చింది. స్కిన్ ట్యాంకులో (బోటు గోడకు ఆనుకుని, కూలెంట్‌ను చల్లబరిచే ట్యాంకు) పాతది కొంత ఉండిపోతుంది కాబట్టి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, చల్లారాక మళ్లీ కొలవాలి.

రాత్రంతా ఎలక్ట్రిక్ హీటర్ పెట్టాలా అన్న చర్చ అంత సాగింది గానీ, నీళ్లు దించేశాక దాని అవసరమే లేదు. బ్యాటరీల గురించి పడ్డ భయమూ అంతే: ఫుల్ ఛార్జ్‌లో, 12.7 వోల్టుల దగ్గర ఉంటే ఇంగ్లండ్ చలికి గడ్డకట్టవు. మిగతావన్నీ ఐసొలేటర్‌తో (బ్యాటరీ మెయిన్ స్విచ్) ఆపేయొచ్చు, బోటు అడుగున చేరే నీళ్లను తోడేసే బిల్జ్ పంప్‌కు మాత్రం కరెంటు తీయకండి.