అక్షరాలు అరిగిన రోమన్ వెండి నాణెం ఎవరిదో ఎలా తేల్చాలి?

పాతవెండి: బరువు 3.62 గ్రాములు, వ్యాసం 18 మి.మీ. ముందు కుడికి తిరిగిన తల, ఆకుల దండ. వెనక కూర్చున్న స్త్రీ. అక్షరాల్లో "ఐ వి ఐ ఏ వి జి" మాత్రమే మిగిలింది.

గీటురాయి: టైబీరియస్ చక్రవర్తి (క్రీ.శ. 14–37) డెనారియస్, అంటే రోమన్ వెండి నాణెం. మిగిలింది "డివి ఆగ్ ఎఫ్"లో ముక్క. ముందు చక్రవర్తి ఆగస్టస్ పేరును కుదించి ఏ, వి, జి అని చెక్కారు. రోమన్లు యూకి కూడా వి ఆకారమే వాడేవారు. ఆ మొత్తానికి అర్థం "దైవత్వం పొందిన ఆగస్టస్ కొడుకు" అని; ఎఫ్ అంటే కొడుకు. వెనక "పాంటిఫ్ మాక్సిమ్" ఉండాలి, అంటే ప్రధాన పూజారి. స్త్రీ కుడిచేతిలో రాజదండం, ఎడమచేతిలో కొమ్మ ఉన్నాయేమో చూడండి. అక్షరాలు పోయినా వెనక బొమ్మ ఆకారం నిలుస్తుంది, అందుకే ముందు దాన్నే నమ్మాలి. కుర్చీ కాళ్లు సాదావా, నగిషీవా, కింద గీత ఒకటా రెండా అన్నదాన్ని బట్టి ఉపరకం తేలుతుంది.

నల్లరేగడి: వెనక ఇద్దరు నిలబడి మధ్యలో డాళ్లు, ఈటెలు ఉంటే అది ఆగస్టస్‌ది, ఆ ఇద్దరూ అతని మనవళ్లు గాయస్, లూసియస్. నల్గొండ జిల్లా అక్కనపల్లి నిధిలాంటి చోట్ల ఈ రెండు రకాలే ఎక్కువ. అందుకే ఇక్కడ వాటికి అనుకరణలూ పుట్టాయి: అక్షరాలు తిరగబడతాయి, కొన్ని గీతలే అవుతాయి, మొహం బండగా ఉంటుంది. అవీ ప్రాచీనమే, నకిలీ అని పారేయకండి.

పాతవెండి: సంవత్సరం తెలుస్తుందా?

గీటురాయి: ఈ రకంలో తెలియదు. ట్రాజన్ లాంటి తర్వాతి చక్రవర్తులవైతే కాన్సల్ అంకె, అంటే ఆ పెద్ద పదవి ఎన్నోసారి చేపట్టారో చూడాలి: సీ ఓ ఎస్ (కాన్సల్) పక్కన వి (ఐదు) ఉంటే క్రీ.శ. 103–111, వి ఐ (ఆరు) ఉంటే 112 లేదా తర్వాత.

తూనికరాళ్లు: పైన వెండి పూత మాత్రమే ఉండి లోపల రాగి ఉందేమో చూడండి. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని సన్నని దారంతో అడుగు తాకకుండా ముంచండి. త్రాసు మీద పెరిగిన అంకెతో నాణెం బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. అంకె 0.35 పెరిగితే సాంద్రత 10.3, మంచి వెండే. 0.39 దాటితే 9.3కి దిగుతుంది, అనుమానించాలి. బుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది. రెండు దశాంశాల త్రాసు కన్నా మూడు దశాంశాలది నయం.

నల్లరేగడి: చింతపండు, నిమ్మరసం వద్దేవద్దు. పైపూత చిట్లిన చోట ఆమ్లం లోపలి రాగిని తినేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా ఆరబెట్టండి. భూమిలో దొరికిందైతే 1878 నిధి చట్టం ప్రకారం కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. విలువ పది రూపాయలు దాటితే చాలు, అది వర్తిస్తుంది.