ఏడేళ్ల బాబుకి అయ్యప్ప మాల వెయ్యొచ్చా, ఆగాలా?

నెల్లిమర్ల తండ్రి:
పెద్దాడికి ఏడేళ్లు, రెండో తరగతి. చిన్నాడికి అయిదు. ఈ కార్తీకంలో నేను 41 రోజుల మండల దీక్ష తీసుకుంటున్నాను, పెద్దాడు తనకీ మాల వెయ్యమంటున్నాడు. తాతగారు వేసేయమంటున్నారు, వాళ్లమ్మ పదేళ్లు నిండాక చూద్దామంటోంది. చన్నీటి స్నానం, ఒంటిపూట భోజనం, చెప్పుల్లేకుండా బడికెళ్లడం, నేల మీద పడక, ఇంట్లో వాదనంతా ఈ నాలుగింటి మీదే. భక్తి దగ్గర ఎవరికీ పేచీ లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఆమదాలవలస గురుస్వామి:
స్వామి శరణం. వెయ్యొచ్చు. మగపిల్లలకి ఇన్నేళ్లు నిండాలన్న కట్టు లేదు. తండ్రి భుజాల మీద కూర్చుని కొండెక్కే పసివాళ్లు ఏటా కనిపిస్తారు. కాకపోతే పిల్లాడి మెడలో మాల పడిందంటే దీక్ష ఇంటిల్లిపాదిదీ అవుతుంది. వంటింట్లో ఉల్లి, వెల్లుల్లి, మాంసం 41 రోజులూ ఆగాలి. ఇంట్లో సగంమందికి ఒక కూర, మిగతావాళ్లకి ఇంకో కూర అంటే వారం తిరక్కుండా పిల్లాడి మనసు ఆ రెండో గిన్నె మీదకి పోతుంది.

మాల 54 పూసలది చాలు, తులసిది తేలిక. దుకాణాల్లో తీగతో అల్లినవే ఎక్కువ దొరుకుతాయి. తీగ గేటు కొక్కేనికో, జారుడుబల్ల అంచుకో తగులుకుంటే తెగదు, మెడకి బిగుస్తుంది. పిల్లలకి నూలు దారంతో గుచ్చినదే తీసుకోండి. ఆటలప్పుడు మాల చొక్కా లోపల ఉండాలి. దారం తెగిందని ఏడుస్తాడు, శరణు చెప్పి మళ్లీ గుచ్చుకోవచ్చని మొదటిరోజే చెప్పి ఉంచండి.

స్నానం విషయానికొస్తే, చన్నీళ్లు పెద్దలకి. పదేళ్ల లోపు వాళ్లకి గోరువెచ్చని నీళ్లే పొయ్యమని చెప్తాను. శరణుఘోష 108 వరసగా చెప్పించే పని లేదు, పద్దెనిమిది చాలు. బట్టలు నూలువే కొనండి, దీపం దగ్గర, కర్పూరం హారతి దగ్గర పాలిస్టరు వద్దు.

చీపురుపల్లి గంటస్వామి:
మూడోసారి మాల వేసుకున్న గంటస్వామిని, గురుస్వామి గారికి నమస్కారం చేసి చెప్తున్నాను, ఇక్కడ మాత్రం ఒప్పుకోలేను. నీళ్లు వెచ్చగా కావాలి, శరణాలు పద్దెనిమిది చాలు, రేపు బడికి చెప్పులు కూడా ఉండాలంటారు. అన్నీ తీసేశాక మిగిలేది నల్లబట్టలే కదండీ! పిల్లలకి పదకొండు రోజుల మాల వేసి, ఫొటోలు తీసి తీసేస్తున్నారు. నియమం నిలబెట్టే వయసు వచ్చాకే మాల వెయ్యండి. నాకు తోచినంతలో పన్నెండేళ్లు.

టెక్కలి నర్సు:
మాల వెయ్యడం, మానడం మీ ఇష్టం. ఆరోగ్యం మటుకు చెప్తాను.

చన్నీళ్ల వల్లే జలుబు రాదు, అది వైరస్ పని. కానీ ఉబ్బసం ఉన్న పిల్లాడికి, ఛాతీలో పిల్లికూతలు వచ్చే పిల్లాడికి మార్గశిరం తెల్లవారుజామున చల్లగాలి, తడితల ఆయాసం తెప్పిస్తాయి. అలాంటివాడికి వెచ్చని నీళ్లతో మెడ కింద నుంచి స్నానం, తలంటు ఎండెక్కాక. ఇన్‌హేలరు వాడుతుంటే ఒక్క పూటా మానకూడదు, అది మందు, నియమభంగం కాదు.

ఇక భోజనం. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకి రోజుకి సుమారు 1,700 కిలోక్యాలరీలు, 23 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంత తిండి ఆ చిన్న పొట్ట ఒక్క పూటలో పట్టదు. ఉదయం పూజ అయిన గంటలోపు ఏదో ఒకటి పడాలి, లేకపోతే రెండో పీరియడుకి కళ్లు తిరుగుతాయి. రాగిజావ, అరటిపండు, పాలు చాలు. మధ్యాహ్నం భిక్ష, అంటే దీక్ష భోజనం. నాలుగున్నరకి ఉడకబెట్టిన శనగలో, వేరుశనగలో. రాత్రి ఇడ్లీ లాంటి అల్పాహారం. బడిలో వారానికి అయిదు గుడ్లు ఇస్తారు, దీక్షలో అవి పోతాయి. ఒక గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు. పాతిక గ్రాముల వేరుశనగపప్పు, అంటే సుమారు గుప్పెడు, ఆ లోటు తీరుస్తుంది. బడిలో ఇచ్చే చిక్కీ ఎలాగూ తినొచ్చు.

అందరూ చన్నీళ్ల గురించి భయపడతారు గానీ, నన్నడిగితే ఎక్కువ జాగ్రత్త నేల పడకకి కావాలి. మన జిల్లాల్లో అది వరికోతల కాలం. ధాన్యం ఇంటికొస్తే ఎలకలు, వాటి వెనక పాములు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, అది కరిచేది ఎక్కువగా నేల మీద నిద్రపోతున్నవాళ్లనే. కాటు దగ్గర వాపు, నొప్పి దాదాపు ఉండవు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి అంటాడు, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. అజీర్తి అనుకుని వాము నీళ్లు తాగిస్తూ కూర్చుంటే ప్రాణం మీదకి వస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి. ఇలా జరగకుండా చాప మీద దోమతెర కట్టి, అంచులు నాలుగు వైపులా చాప కిందకి దోపండి. లేదంటే చెక్కబల్ల మీద చాప పరవండి. ధాన్యం బస్తాలున్న గదిలో అసలు పడుకోబెట్టకండి.

రాజాం మాస్టారు:
సిస్టరు గారు చెప్పినదానికి బడి సంగతి కలుపుతాను. దారిలో ముళ్లు, గాజుపెంకుల గురించి ఆలోచిస్తారు గానీ బడి మరుగుదొడ్డి ఎవరికీ గుర్తు రాదు. ఉత్తి కాళ్లతో అందులోకి వెళ్లొచ్చి, ఆ కాళ్లతోనే అన్నం దగ్గర కూర్చుంటాడు. సంచిలో ఒక జత రబ్బరు చెప్పులు పెట్టి, అక్కడికి మాత్రం వేసుకోమనండి. సాయంత్రం సబ్బుతో పాదాలు కడిగి, అరికాళ్లు వెలుతురులో చూడండి. విరిగిన తుమ్మముల్లు లోపల ఉండిపోతే మూడో రోజుకి చీము పడుతుంది.

మాల వేసేముందు ప్రధానోపాధ్యాయుడికి చీటీ రాసివ్వండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏం తినడు, కొండకి ఎన్ని రోజుల సెలవు. చాలా బళ్లు యూనిఫాం మీద నల్ల కండువాకి ఒప్పుకుంటాయి. మధ్యాహ్న భోజనం తినకపోతే క్యారేజీ పంపండి, కానీ విడిగా కూర్చోబెట్టమని మాత్రం అడక్కండి. వరసలోనే కూర్చుని తన డబ్బా తను తింటాడు.

ఇంకోటి, నిద్ర. ఈ వయసువాళ్లకి తొమ్మిది గంటలైనా నిద్ర ఉండాలి. అయిదుకి లేపితే రాత్రి ఎనిమిదికి పడుకోవాలి. పడిపూజలు, అంటే పద్దెనిమిది మెట్లకి చేసే పూజలు, పదకొండు దాటేదాకా నడుస్తాయి, మైకు మోగుతూనే ఉంటుంది. పిల్లాణ్ణి హారతి దాకా ఉంచకుండా ముందే ఇంటికి పంపెయ్యండి. నాకు తెలిసి దీక్షలో చదువు వెనకబడేది పూజ వల్ల కాదు, ఈ రాత్రిళ్ల వల్ల.

బొబ్బిలి అమ్మ:
ఏటండీ, నీళ్లు, చెప్పులు, పాములు అన్నీ చెప్పారు, తల్లి మాట ఒక్కరూ ఎత్తలేదు. నెలసరి రోజుల్లో ఆమె వండకూడదు, స్వామికి ఎదురు రాకూడదు అంటారు. 41 రోజుల్లో ఆ రోజులు ఒకసారి తప్పవు, రెండుసార్లూ రావొచ్చు. ఏడేళ్ల గుంటడు జ్వరంతో అమ్మా అని పిలిస్తే పక్కగదిలోంచి పలకాలా? సబరిమలకి తల్లి ఎలాగూ వెళ్లదు. రైలు, బస్సు, క్యూ, మళ్లీ రైలు, అన్నీ కలిపి దగ్గర దగ్గర వారం. ఎప్పుడూ తల్లిని వదిలి పడుకోని పిల్లాడికి అదే మొదటిసారి అవుతుంది.

ఇంకా చిన్నచిన్నవి ఉన్నాయి. ఈ వయసులో కొందరు ఇంకా పక్క తడుపుతారు. తడిపితే మళ్లీ స్నానం, మళ్లీ బట్టలు, పైగా స్వామివి ఇలా చేశావేంటి అని సిగ్గు. రాత్రి ఏడు తర్వాత నీళ్లు తగ్గించి, పదింటికి ఒకసారి లేపి తీసుకెళ్తే కొంత నయం. ఒక్కమాట కూడా అనకూడదు. తమ్ముడి సంగతేంటి? అన్నకి అందరూ స్వామీ అని దండం పెడుతుంటే అయిదేళ్లవాడు ఊరుకోడు. గిల్లుతాడు, మాల లాగుతాడు. స్వామి తిరిగి కొట్టకూడదు. నెలన్నర పాటు పెద్దాడు ఒక్కడే ఓర్చుకోవాలంటే ఎలా?

బంధువుల్లో ఎవరైనా పోయి మైల వస్తే మాల తీసెయ్యాలి. ఆ రోజు పిల్లాడికి ఏం చెప్తారో ఇప్పుడే అనుకున్నారా?

ఆమదాలవలస గురుస్వామి:
అమ్మా, మీరడిగినవి మాల వేసేముందు ప్రతి ఇంట్లోనూ అడగాల్సినవే. సంప్రదాయం దూరం పాటించమంటుంది, అది నేను మార్చలేను. ఆ రోజుల్లో వంట తండ్రే చెయ్యాలి, లేదా పీఠంలో భిక్ష తీసుకోవాలి. తల్లికి అన్ని రోజులు దూరంగా ఉండలేడు అనుకుంటే ఈ ఏడు మాల వద్దు. పిల్లాణ్ణి ఏడిపించి నిలబెట్టే నియమం స్వామికి అక్కర్లేదు. జ్వరం వస్తే ముందు తల్లి ఒడి, మందు. మాల సంగతి ఆ తర్వాత.

మైల గురించి మొదటిరోజే చెప్పాలి. మాల స్వామి ఇచ్చింది, ఇలాంటిది జరిగితే ఆయనకే తిరిగిచ్చి వచ్చే ఏడు మళ్లీ తీసుకుంటాం అని. ముందే విన్నవాడికి శిక్షలా అనిపించదు.

చీపురుపల్లి తమ్ముడు పన్నెండేళ్లు అన్నాడు. అతని పట్టుదల నాకు గౌరవమే. అయితే పన్నెండేళ్లకి కుర్రాడికి ట్యూషన్లు, స్నేహితులు వచ్చేస్తారు. ఏడేళ్లవాడు అడిగి వేసుకుంటున్నాడు. ఆ అడగడం పోగొట్టుకోకూడదనే నా తాపత్రయం.

చీపురుపల్లి గంటస్వామి:
అడగడం నిజమే స్వామీ. కానీ నాన్న వేసుకుంటున్నాడు కాబట్టి అడుగుతున్నాడు. మాల రోజుకి నెల ముందు నుంచి వాణ్ణి అయిదింటికి లేపి, స్నానం చేయించి, దీపం పెట్టించి చూడండి. రెండు వారాల తర్వాత కూడా తనంతట తనే లేస్తే నా అభ్యంతరం లేదు.

కవిటి కొబ్బరి దుకాణం:
ఇరుముడి, అంటే కొండకి నెత్తిన మోసుకెళ్లే ముందు, వెనక రెండు ముడుల మూట, దాని గురించీ ప్రయాణం గురించీ ఎవరూ రాయలేదు. పిల్లాడి ముడిలో నెయ్యి నింపి పెట్టడానికి మా ఉద్దానం కొబ్బరికాయల్లో చిన్నది, గుండ్రంది, చెవి దగ్గర పెట్టి ఊపితే నీళ్లు మోగేది ఏరండి. పీచంతా తీసి నున్నగా గీకాక కన్ను పొడిచి నీళ్లు పూర్తిగా వంపాలి. కాసేపు బోర్లించి ఉంచండి. లోపల చెమ్మ మిగిలితే నెయ్యి దారిలోనే వాసన పట్టేస్తుంది. కాచి చల్లార్చిన ఆవునెయ్యి పోసి, బిరడా బిగించి, పైన మైనం పట్టించాలి. వేడి నెయ్యి పోస్తే గడ్డకట్టాక లోపల ఖాళీ ఏర్పడుతుంది. వెనకముడిలో పిల్లాడికి గుప్పెడు బియ్యం చాలు, సామాను తండ్రి ముడిలో పెట్టుకోవాలి.

కొండ కింద పంబ నుంచి గుడి ఉన్న సన్నిధానం సుమారు అయిదు కిలోమీటర్లు. నీలిమల, అప్పాచిమేడు ఎక్కుడు పెద్దలకే ఊపిరి ఆడనివ్వదు. పిల్లలతో స్వామి అయ్యప్పన్ రోడ్డు మీదుగా వెళ్లండి, వాలు తక్కువ. ఎరుమేలి నుంచి కరిమల మీదుగా పోయే అడవిదారి పిల్లలతో వద్దే వద్దు. పంబలో పోలీసులు పిల్లల చేతికి పేరు, ఫోన్ నంబరు రాసిన పట్టీ కడతారు, కట్టించకుండా కదలకండి. మండల పూజ వారంలోనూ, మకరజ్యోతికీ కాకుండా నవంబరు చివర్లో వెళ్లేలా చూసుకోండి. అంటే మాల అక్టోబరులోనే పడాలి. అంత దూరం వద్దనుకుంటే ద్వారపూడి అయ్యప్ప గుడి ఉంది. అక్కడా పద్దెనిమిది మెట్లున్నాయి, విజయనగరంలో రైలెక్కితే పూటలో చేరతారు. తల్లి కూడా గుడి దాకా రావొచ్చు.

అరసవల్లి బామ్మ:
నాయనా, నలభై ఒక్క రోజులు గట్టిగా పట్టి మిగతా ఏడాదంతా వదిలేసే ఇళ్లు ఉన్నాయి. ఈ వయసుకి రోజూ జరిగే చిన్నపని మంచిది. పెద్దాడికి సాయంత్రం దీపం పని ఇవ్వండి: కుంది తోమడం, వత్తి వెయ్యడం, నూనె పొయ్యడం. అగ్గిపుల్ల పెద్దవాళ్లు గియ్యాలి. చిన్నాడికి పూలు కోసే పని. ఎవరి పని వాళ్లదే, మార్చుకోవడం లేదు, అప్పుడు కొట్టుకోరు. నాగులచవితికి పుట్ట దగ్గరకి ఇద్దర్నీ తీసుకెళ్లి చిమ్మిలి ఎందుకు పెడతామో చెప్పండి, పుట్ట కన్నంలో మాత్రం చెయ్యి పెట్టనివ్వకండి. కార్తీక సోమవారం పిల్లలకి ఉపవాసం వద్దు, ఆ పూట పళ్లూ పాలూ పెట్టండి, వాళ్లకి అదే పండగ. మార్చిలోనూ, అక్టోబరులోనూ మన అరసవల్లి గుళ్లో ఆదిత్యుడి పాదాల మీద ఎండ పడే రోజుల్లో పొద్దున్నే తీసుకురండి. ఎండ లోపలికి ఎలా వచ్చిందని వాళ్లే అడుగుతారు.

నెల్లిమర్ల తండ్రి:
అందరికీ దండాలు. గంటస్వామి చెప్పినట్టు రేపటి నుంచి నెల రోజులు చూస్తాం. దోమతెర, టీకాల కార్డు వాళ్లమ్మ అప్పుడే బయటకి తీసింది. తాతగారు మాత్రం మాల మాటే పట్టుకుని ఉన్నారు. ఒక్క సందేహం. మాల లేకుండా పెద్దాణ్ణి నాతో కొండకి తీసుకెళ్లొచ్చా? టీకాలు ఏవి చూసుకోవాలి?

టెక్కలి నర్సు:
అయిదేళ్లకి వేసే డీపీటీ బూస్టరు పడిందో లేదో చూడండి. పడి ఉంటే ధనుర్వాతానికి రక్షణ ఉన్నట్టే, తర్వాతది పదేళ్లకి వేసే టీడీ టీకా. ముల్లు లోతుగా దిగితే మాత్రం కార్డు పట్టుకుని పీహెచ్‌సీకి రండి. నులిపురుగుల మాత్ర బడిలో ఏడాదికి రెండుసార్లు ఇస్తారు. ఉత్తి కాళ్లతో తిరిగే పిల్లలకి అది అస్సలు తప్పకూడదు.

ఆమదాలవలస గురుస్వామి:
తీసుకెళ్లొచ్చు. ఇరుముడి లేనివాళ్లు పద్దెనిమిది మెట్లు ఎక్కరు, ఉత్తర ద్వారం వైపు నుంచి దర్శనానికి వెళ్తారు. మీరు మెట్లెక్కేటప్పుడు పిల్లాణ్ణి పట్టుకోడానికి ఇరుముడి లేని పెద్దమనిషి ఒకరు తోడుండాలి, ఆ రద్దీలో ఒంటరిగా వదలకూడదు. తాతగారినే తోడు రమ్మనండి, ఆయనకీ తృప్తిగా ఉంటుంది. ఇరుముడి కట్టే రోజు మీ ముడిలో పెద్దాడి చేత, చిన్నాడి చేత మూడేసి గుప్పిళ్లు బియ్యం పోయించండి. దానికి మాల అక్కర్లేదు.