అప్‌డేట్: మా ఆయన ఆపరేషన్ నష్టపరిహారం సంగతి

న్యూజిలాండ్‌లో పిత్తాశయం తీసేటప్పుడు మా ఆయనకి పైత్యనాళం తెగింది, సర్జన్ తప్పని నిరూపిస్తేనే డబ్బు వస్తుందా అని అడిగాను కదా. అక్కర్లేదట. క్లెయిమ్ ఒప్పుకున్నారు.

ఇక్కడ గాయపడ్డవాళ్లకి పరిహారం ఇచ్చే ఏసీసీ అనే ప్రభుత్వ సంస్థ 1974 నుంచి ఉంది. చికిత్స వల్ల గాయమైతే 2005 నుంచి ఎవరి తప్పన్నది చూడరు. చూసేది రెండే: గాయం చికిత్స వల్లే అయిందా, ఆ చికిత్సలో మామూలుగా జరిగేదేనా అని. కోత పెట్టిన మచ్చ, నాలుగు రోజుల నొప్పి లెక్కలోకి రావు. నాళం తెగడం మామూలు విషయం కాదు కాబట్టి మాది నిలబడింది. ఆపరేషన్ చేసినా జబ్బు తగ్గలేదంటే మాత్రం అదొక్కటే చాలదు.

ఫారం మమ్మల్ని నింపమనలేదు, డాక్టరే పంపారు. ఆపరేషన్ నోట్సులో 'నాళానికి గాయం' అని రాసి ఉన్న ఒక్క లైనే మా పని సులువు చేసింది. రికార్డుల కాపీలు ముందే అడిగి పెట్టుకోండి.

పనికి వెళ్లలేని కాలానికి, మొదటి వారం పోను, జీతంలో 80 శాతం ఇస్తున్నారు. బాధ పడ్డందుకంటూ విడిగా ఏమీ రాదు. శాశ్వత లోపం కనీసం 10 శాతం ఉందని తేలితేనే ఒకేసారి ఏకమొత్తంగా డబ్బు ఇస్తారు.

పరిహారం కోసం కోర్టుకెళ్లే దారి దాదాపు మూసేశారు. మా మామగారికి అదే మింగుడుపడటం లేదు, 'మరి ఆ డాక్టర్ని అడిగేదెవరు?' అంటారు. దానికి, రోగుల ఫిర్యాదులు చూసే హెల్త్ అండ్ డిసెబిలిటీ కమిషనర్ దగ్గర ఫిర్యాదు వేరే పెట్టుకోవచ్చు. పెట్టాలా వద్దా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.