అప్‌డేట్: ఆ పచ్చనీలం పూల తీగ పేరు తెలిసింది

బొటానికల్ గార్డెన్‌లో చూసిన పచ్చనీలం పూల తీగ శంఖుపువ్వు రకమేనా అని మొన్న అడిగాను కదా. కాదండీ, అది జేడ్ వైన్. శాస్త్రీయ నామం స్ట్రాంగిలోడాన్ మాక్రోబోట్రిస్. రెండూ చిక్కుడు కుటుంబమే, అందుకే ఆ పోలిక. ఫిలిప్పీన్స్ అడవుల్లో వాగుల ఒడ్డున పెరుగుతుంది.

మళ్లీ వెళ్లి దగ్గరగా చూశాను. కాడకు మూడేసి ఆకులు. పూలగెల కిందికి వేలాడుతోంది, 3 మీటర్ల దాకా సాగుతుందట! ఒక్కో పువ్వూ అచ్చం పులిగోరు వంపు. రాలిన పువ్వొకటి తెచ్చుకుంటే, ఎండేకొద్దీ ఊదారంగుకు తిరిగింది. మాల్విన్, సాపొనారిన్ అనే రెండు పదార్థాలు కలిసి ఆ పచ్చనీలాన్ని ఇస్తాయి. అడవిలో పరాగసంపర్కం చేసేది గబ్బిలాలు, తలకిందులుగా వేలాడుతూ తేనె తాగుతాయి. ఆ అడవులే తరిగిపోతున్నాయని చదివాక మనసు చివుక్కుమంది.